ఖాళీ అని చూపించే కార్డు

బస్సు ఆగిపోయి చాలాసేపయినా సాలొమోను చెయ్యి చొక్కా జేబు మీదినుంచి దిగలేదు. జేబులో ఉన్నది గోరుకంటే కాస్త పెద్ద వస్తువు, దానికో ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీకి చుట్టిన చేతిగుడ్డ, అంతే; అయినా ఎవరో గుండె మీద తల ఆనించి నిద్రపోతున్నట్టు, కదిలితే లేస్తారన్నట్టు అతను బిగుసుకుని కూచున్నాడు. కిటికీ అవతల లారీ. దాని ముందు లారీ, దాని ముందు మరొకటి, తోరణగల్లు దాటినకాడ నుంచి కనుచూపు ఆనినంత మేరా లారీలే, టార్పాలిను కప్పీ కప్పకుండా మట్టికుప్పలు మోస్తూ, ముక్కు ముందరి దాని తోకకు ఆనించుకుని, ఎండలో కునికే గేదెల మాదిరి. గాలి విసిరినప్పుడల్లా ఆ కుప్పల మీద నుంచి ఎర్రటి పొడి లేచి బస్సులోకొచ్చి రెప్పల మీద కూచునేది. రోడ్డు పక్క తుమ్మచెట్లు ఎరుపు, వాటి కింద మేకలు ఎరుపు, మేకల వెంట నిలబడిన మనిషి తలగుడ్డ ఎరుపు. ఈ దారిలో ఒకప్పుడు ఆకులు ఆకుల రంగులోనే ఉండేవని ఎవరికైనా చెప్పాలంటే ఇప్పుడు పాత ఫోటోలు చూపించాలి. అతని దగ్గర ఉన్నాయి అలాంటివి, రీలు కాలంలో తీసినవి, వాటిలో దుమ్ము లేదు, జనం కూడా ఇంత లేరు. అప్పుడు ఈ దారిన శనక్కాయ బండ్లు పోయేవి, బండి తోలేవాడు నిద్రపోయినా ఎద్దులు ఇల్లు చేరేవి.

పక్క సీట్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూచున్న ముసలామె అతన్ని చూసి చూసి ఇక ఆగలేకపోయింది. రూపనగుడి పోవాలని, పేరు నాగక్క అని, కూతురి కాన్పుకి పోయి వస్తున్నానని ఎక్కగానే తనే చెప్పేసుకున్న మనిషి.

"ఏమప్పా, రొమ్ములో నొప్పా? ఎక్కినప్పటి నుంచి పట్టుకోనే ఉండావు."

లేదన్నాడు.

"దుడ్డయితే అట్లా పట్టుకోగూడదప్పా. దొంగోనికి నువ్వే యాడుందో చూపిచ్చినట్టు."

అతనికి నవ్వొచ్చింది, నవ్వి చాలా రోజులైన నోరు కావడంతో పెదవి ఒక పక్కకే లేచింది. ఫోటోలక్కా అన్నాడు. ఇంత జేబులో ఫోటోలేందని ఆమె అతని కాళ్ళ దగ్గరున్న నల్లసంచీని, అతని ముఖాన్ని మార్చి మార్చి చూసి, సరే ఎవరి పిచ్చి వాళ్ళకానందమన్నట్టు తల తిప్పుకుంది.

ఫోటోలే. అయితే అవి ఉన్నాయా లేవా అన్నది ఎవరిని అడగాలో తెలియదు. కెమెరానడిగితే లేవంటుంది. పొద్దున తారానగర్‌లో అడిగాడు, ఒకటికి రెండుసార్లు బొత్తాం నొక్కి అడిగాడు, ఫోటోలేవీ లేవు అని చిన్న తెరమీద మర్యాదగా చూపించింది. పద్మనాభ అనే ఆసామి కొత్తగా కొన్న తవ్వే యంత్రానికి అక్కడ పూజ. నిన్నమొన్నటి దాకా శనక్కాయ పండించిన మనిషి, ఇప్పుడు లారీలున్నాయి, చేనున్నచోట గుంతలున్నాయి, ఆ గుంతల ముందు పసుపురంగు యంత్రాన్ని పూలదండలతో నిలబెట్టి, "సాలొమోనూ, దుమ్ము కనపడకుండా తీయల్లప్పా" అన్నాడు. దుమ్ము కనపడకుండా ఆ ఊర్లో ఏం కనపడుతుందని సాలొమోను అనుకున్నాడు గానీ అనలేదు, అతను అనుకున్నవన్నీ అనే మనిషైతే ఇన్నేండ్లు పెండ్లిండ్లలో కెమెరా పట్టుకుని బతికేవాడు కాడు. సంచీలోంచి కార్డుల పర్సు తీశాడు, ప్లాస్టరు ముక్క అంటించి లేని కార్డు కోసం వేలితో తడిమాడు, ఒకటి దొరికింది, కెమెరాలో పెట్టాడు, ఫార్మాట్ కొట్టాడు. పని మొదలుపెట్టే ముందు ఫార్మాట్ కొట్టడం అతనికి అన్నం ముందు కండ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నంత అలవాటు, కండ్లు మూసుకున్నప్పుడు కంచంలో ఏముందో ఎవరు చూస్తారు. కొట్టాక పర్సు మూయబోతే అడుగున కనిపించింది, ఎండిపోయి, జిగురు చచ్చి, చేప పొలుసులాగా ముడుచుకుని, తెల్లటి ప్లాస్టరు ముక్క. అంటే ఒక కార్డుది ఊడిపోయింది. మిగతా వాటిని బయటికి తీసి చూడకముందే అరికాళ్ళకి తెలిసిపోయింది ఏ కార్డుదో.

ప్లాస్టరు అతని భార్య కృపమణి పెట్టిన పద్ధతి. ఆమె మిషను ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రిలో ప్రతిదానికీ ఒక గుర్తు ఉంటుంది, మందు వేసిన మంచానికీ వేయని మంచానికీ, అట్లా గుర్తు లేకపోతే మనిషి పోతాడప్పా అనేది. కార్డులు వచ్చిన కొత్తలో సాలొమోను ఒక పెండ్లి మీద ఇంకో పెండ్లి తీసేసి, తలుపు వేసుకుని కూచున్న రోజున ఆమె డ్యూటీ నుంచి వచ్చి, కత్తెరతో ప్లాస్టరు సన్నగా కోసి, ఇదిగో, ఫోటోలు తీసుకొచ్చిన కార్డుకి ఇది అంటిచ్చు, పెట్టెలోకి ఎక్కిచ్చినాక పీకెయ్, ప్లాస్టరుంటే గాయం ఉన్నట్టే, ముట్టగూడదు, అంది. పెట్టె అంటే హార్డ్ డిస్కు. బెంగళూరు నుంచి తెప్పించుకున్న ఆ డిస్కుకి దుమ్ము తగలకుండా ఆమె తన పాత ఉన్ని టోపీ తొడిగింది, పసిబిడ్డకి తొడిగినట్టు. రాత్రుళ్ళు కార్డు పెట్టి, వైరు తగిలించి, ఒక్కొక్క ఫోటో అందులోకి పాకుతుంటే ఇద్దరూ చూస్తూ కూచునేవాళ్ళు, సగంలో కరెంటు పోయేది, వాళ్ళుండే కుడతినిలో కరెంటు పుట్టిస్తారు గానీ ఊర్లో ఉండదు, పాలమ్మే ఇంట్లో మజ్జిగ లేనట్టు. చీకట్లో ఆమె, ఎంతమందిని మింగింది నీ పెట్టె, అని అడిగేది. ఎంతమందినో మింగింది. ఫ్యాక్టరీ గేటు కార్డులకి దిగిన వాళ్ళు, బిడ్డకి బాప్తిస్మమిచ్చుకున్న వాళ్ళు, పద్మనాభ లారీలు, ఒక్కొక్కరికీ ఒక పేరు కొట్టి, దాని కింద వాళ్ళని పడుకోబెట్టి. ఆమె ఒక్కతే అందులో లేదు.

పూజ ఫోటోలు వేరే కార్డుల్లో తీశాడు, ఏం తీశాడో తెలియదు, చేతులు తీశాయి. పద్మనాభ కొడుకు జీవన్ లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, ఇప్పుడే చూడల్ల, కార్డులు ఈడనే ఉండనీ, రేపు మనిషితో పంపిస్తా అన్నాడు. ఇంకో రోజైతే ఒప్పుకునేవాడు కాదు, ఈరోజు పర్సుతో సహా ఇచ్చేసి, ఈ ఒక్కదాన్ని గుడ్డలో చుట్టుకుని, గుంతల పక్కకొచ్చి బళ్ళారిలో కంప్యూటర్లు బాగుచేసే ఇంద్రసేనకి ఫోను కలిపాడు. ఇంద్రసేన నవ్వే మనిషి, ఫోనులో కూడా నవ్వుతూనే మొదలుపెట్టి, విషయం విన్నాక ఆపేశాడు. "ఫార్మాట్ కొడితే పోవప్పా అవి. బాడుగింటి బోర్డు పీకేసినావు, లోపల మనుషులు లోపలే ఉండారు. కొత్తోళ్ళని దింపితేనే పాతోళ్ళు పోయేది. ఒక్క ఫోటో గూడా తీయద్దు దాని మీద, ఒక్కటంటే ఒక్కటి. ఏది ఎవరి మీద పడుతుందో దేవునికి గూడా తెల్దు." పొద్దుమునిగేలోపల వస్తే అప్పటికప్పుడే చేసి ఇస్తానని, తర్వాత బెంగళూరు రైలుకి పోతున్నానని చెప్పాడు. సాలొమోను వచ్చిన మొదటి బస్సు ఎక్కాడు. బోర్డు లేని ఇల్లు జేబులో పెట్టుకుని, తలుపు సందులోంచి కూడా ఎవరూ దూరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

రీలు కాలంలో అయితే ఈ గుబులు లేదు. వెలుగు తగిలితే పోయింది, తగలకపోతే ఉంది, మధ్యలో ఇట్లా ఉండీ లేకుండా ఉండడమనేది లేదు. నెగటివు చేతిలో పట్టుకోవచ్చు, కిటికీకి ఎత్తి చూడొచ్చు. కృపమణిని మొదట అతను చూసింది కూడా నెగటివులోనే అనాలి, ఆసుపత్రి గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికొచ్చి, ప్రింటు కాకముందే చూపించమని పట్టుబట్టి, నెగటివు వెలుగుకి ఎత్తి చూసింది. నల్లటి పిల్ల అందులో తెల్లగా ఉంది, జుట్టు వెన్నెల మాదిరి ఉంది. "ఇదే బాగుండాది, ఇదే ఇచ్చేయప్పా, ఆసుపత్రిలో అందరూ తెల్లటి దాన్నంటారు" అంది. దాని తర్వాత అతను ఆమెని తీసింది ఎంత తక్కువ. పెండ్లి ఆల్బం వేరేవాడు తీశాడు. ఆ తర్వాత ఏ ఫంక్షనులోనైనా ఆమె అతని వెనకాల లైటు పట్టుకుని నిలబడేది, వెలుగు పడే వైపు కాదు, వెలుగు పుట్టే వైపు. రక్తంలో జబ్బని తెలిశాక కదా ఒక మధ్యాహ్నం పెరట్లో కూచుని, బంతిపూల చెట్టు మీది ఎర్రదుమ్ము చెంబుతో కడుగుతూ, ఆ మాట అడిగింది.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, పెట్టె మూత వేయకముందు చుట్టాలంతా పెట్టె చుట్టూ నిలబడి ఫోటో దిగాలి. తల కింద దిండు కాస్త ఎత్తుగా పెడతారు, ముఖం కనపడాలని. ఫోటో తీసేవాడు స్టూలెక్కుతాడు. పెద్దకొడుకు తలవైపు, అల్లుళ్ళు కాళ్ళవైపు, దూరదేశాలవాళ్ళు రాలేకపోతే వాళ్ళకు పంపడానికని ఇంకొకటి. సాలొమోను తీసినన్ని అట్లాంటి ఫోటోలు ఈ చుట్టుపక్కల ఎవరూ తీసి ఉండరు, పాస్టరుగారు కబురు పెట్టేలోపల అతని కెమెరా వస్తుందని ఊర్లో ఎగతాళి కూడా ఉంది. చాలాసార్లు స్టూలు పట్టుకున్నది కృపమణే. ఆ మధ్యాహ్నం చెంబు పక్కన పెట్టి, ఏమప్పా ఫోటోగ్రాఫరూ, నన్ను మాత్రం పెట్టెలో తీయద్దు, ఎవర్నీ తీయనియ్యద్దు, అంది. "చచ్చినోళ్ళ ముఖాలు నేను నీకంటే ఎక్కువ చూసినా. అవి వాళ్ళవి గావు. నా ముఖం కావల్నంటే ఇప్పుడు తీసుకో, ఈడుంది." తీసుకో అంటే తీసుకున్నాడు. లోపలికెళ్ళి కెమెరా తెచ్చుకుని, ఖాళీ కార్డు వేసుకుని, పొద్దు గూట్లో పడేదాకా తీశాడు. చెంబుతో నీళ్ళు పోస్తుండగా, నీళ్ళు ఎర్రగా కాళ్ళ కింద నుంచి పారుతుండగా. బియ్యంలో రాళ్ళేరుతూ ఎదురింటామె మీద ఏదో చెప్తూ సగం మాటలో ఉండగా. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, రాలిపోగా మిగిలిన జుట్టు ఇదీ అని చేత్తో చూపిస్తూ. కోపంగా, చాలించమంటూ, చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందులోంచి ఒక కన్ను. చివరికి అలిసిపోయి గోడకానుకుని నోరు తెరుచుకుని నిద్రపోతూ. లేచాక అన్నీ చూసి, ఆ నోరు తెరిచింది మాత్రం తీసెయ్ అంది. తీసేశానన్నాడు. తీయలేదు. పెండ్లయినాక ఆమెతో చెప్పిన అబద్ధాల్లో అతనికి గుర్తున్నది అదొక్కటే.

మాట నిలబెట్టాడు. ఆమెను పెట్టెలో పెట్టిన రోజు స్టూలు లేదు, కెమెరా లేదు. ఆమె అన్నలు పెద్ద గలాటా చేశారు, ఊరందరికీ తీసి సొంత పెండ్లాముకి తీయడా అని, మా వాళ్ళకి ఏం చూపాలి అని. సాలొమోను ఏమీ చెప్పలేదు, చెప్తే ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలి, అది చెప్పే విషయం కాదు. అందరూ పోయాక, కుర్చీలవాళ్ళు కుర్చీలు తీసుకుపోయాక, ఇల్లు అద్దం తీసేసిన పటం చట్రంలాగా మిగిలింది. అప్పటి నుంచి కార్డు అతని దగ్గరే. పెట్టెలోకి ఎక్కించొచ్చు, ఎన్నోసార్లు వైరు తగిలించాడు, డిస్కు పేరు అడిగేది, ఏ పేరుతో పెట్టాలి అని తెల్లటి గడిలో గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఎదురు చూసేది. ఫలానావాళ్ళ పెండ్లి, ఫలానావాళ్ళ గృహప్రవేశం, ఇది ఏమిటి మరి. అసలు సంగతి పేరు కూడా కాదు. ఎక్కించేస్తే పని అయిపోతుంది, ప్లాస్టరు పీకెయ్యాలి, కార్డు ఖాళీ చేసి రేపటి పార్టీకి వాడాలి, అట్లా ఎన్ని చేయలేదు. ఇదొక్కటి అయిపోని పనిగా ఉండనీ అనుకున్నాడు. ఇంట్లో పెట్టి వెళ్తే ఆమెని ఒక్కదాన్నే వదిలి వెళ్ళినట్టుండేది, అందుకని పర్సులోనే వెంట తిప్పాడు, ఊర్లు, ఎండలు, చెమట. జిగురు ఎంతకాలం పట్టుకుంటుంది. మనిషే పట్టుకోలేదు.

బస్సు ముందు నుంచి ఏదో మాట సీటు సీటుకి పాకుతూ వచ్చింది. ముందు ఒక లారీ మనిషిని తొక్కిందని, డ్రైవరు దిగి తుమ్మచెట్లలోకి పరుగెత్తాడని, అందుకే ఈ జామ్ అని. కండక్టరు దిగి వెళ్ళొచ్చి, ముసలోడు గాడు, నడీడు మనిషే, రాళ్ళు కొట్టే కూలోడు, పెండ్లాం పక్కనే కూచోనుంది అని చెప్పాడు. పోలీసులకి ఫోను చేశారట, ఈ జామ్‌లో వాళ్ళ జీపెట్లా వస్తుందని వాళ్ళే అడిగారట. డ్రైవర్లంతా కలిసి లారీని పక్కకి నెట్టి, దాన్ని కాస్తా ముందుకు పంపించేసి దారి విడిపిద్దామనుకుంటున్నారట. లారీ నంబరు ఎంత అని ఎవరో అడిగారు. నంబరు యాడుంది, మట్టి పూసేసినారు గదా, అన్నాడు కండక్టరు. ఎక్కువ బరువు వేసుకుని పోయే లారీలన్నీ నంబరు మీద ఎర్రమట్టి పులిమే పోతాయి, అది అందరికీ తెలిసిందే, అది తెలియనిది ఒక్క చెక్‌పోస్టుకే. నాగక్క అప్పటిదాకా నోరు మూసుకుని విని, మూట సాలొమోను ఒళ్ళోకి తోసేసి లేచింది. ఎవరూ అడగకుండానే కిటికీలోంచి బయట గుంపుకి వినపడేలాగా కేకేసింది, "లారీని కదిలియ్యాకండి. మా బస్సులో ఫోటోలప్ప ఉండాడు." బస్సంతా అతని వైపు తిరిగింది. ఇంతమంది ఒకేసారి తనవైపు చూడడం సాలొమోనుకి కొత్త, అతను ఎప్పుడూ చూసే వైపు మనిషి.

కార్డు లేదక్కా అన్నాడు. జేబులోదేంది మరి, అంది నాగక్క.

అది చెప్పే విషయం కాదు. దిగాడు. కాళ్ళు దిగాయి అనాలి. లారీల సందులో నడుస్తూ కనపడ్డ ప్రతివాణ్ణీ అడిగాడు, ఫోటో తీసే సెల్లు ఎవరి దగ్గరన్నా ఉందా అని. టార్చి వెలిగే సెల్లులే అందరివీ. ఒక క్లీనరు దగ్గర ఉంది, దానికి ఛార్జి లేదు, నొక్కితే ఊదారంగు వెలుగు ఒకసారి కొట్టుకుని చచ్చిపోయింది. సంచీలో కెమెరా ప్రతి అడుక్కీ తొడకి తగులుతోంది. జేబులోని దానికి ఏమైనా తెలుస్తోందా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, అది ఆమె కాదు, ఆమె సమాధుల తోటలో ఉంది, ఇది ప్లాస్టికు ముక్క, అందులో ఉన్నది ఆమె కూడా కాదు, ఆమె మీద పడి వెనక్కొచ్చిన వెలుగు, అదీ ఇప్పుడు ఖాళీ అని చూపించే వెలుగు. అట్లా అనుకున్నాడు గానీ చెయ్యి జేబు మీదే ఉంది.

మనిషిని అప్పటికే రోడ్డు వారకి జరిపి పంచె కప్పారు. గాళెప్ప అతని పేరు, పక్కన కూచున్నామె చెప్పింది, తన పేరు ఉరుకుందమ్మ అని కూడా చెప్పింది, ఎవరైనా రాసుకుంటారేమో అన్నట్టు. ఏడవడం లేదు. సుత్తి రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ముందు చక్రం మీద ఏమి ఉందో సాలొమోను ఒకసారి చూసి మళ్ళీ చూడలేదు. సుబ్బరామి అనే డ్రైవరు, గడ్డం నెరిసిన మనిషి, చెడ్డవాడిలాగా లేడు, అతన్ని పక్కకి పిలిచి, వెనకాల అంబులెన్సొకటి ఇరుక్కోనుందంట, ముందు దారి విడిపిద్దాం, ఇయన్నీ తర్వాత చూసుకోవచ్చు అన్నాడు. వెనకాలే వచ్చిన నాగక్క, "దారి విడిస్తే ఆ లారీ గూడా దారి పట్టి పోతాది గదప్పా. రేపు నువ్వొచ్చి సాక్షి చెప్తావా?" అంది. సుబ్బరామి లారీ దగ్గరున్న డ్రైవర్లని ఆగమని చెయ్యెత్తాడు.

ఉరుకుందమ్మ తలెత్తి, సాలొమోను ముఖం కాకుండా సంచీని చూస్తూ అడిగింది. "నంబరు లేని లారీ అంటాండారు. రేపు యా లారీ అంటే నేనేం చూపల్లప్పా. నీ పొటోలో ఉంటే నమ్ముతారా?"

"నమ్ముతారమ్మా."

అన్నాక ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఒక్క క్షణం నిలబడ్డాడు, కృపమణి ఏమంటుందో అని చెవి పెట్టి విన్నాడు. ఆమె ఏమైనా అంటే బాగుండేది, తీయమన్నా, వద్దన్నా. ఆమె పోయిన ఈ ఏడాదిలో ఎన్నిసార్లు విన్నా ఇంతే, హారన్లు వినపడతాయి, గాలి వినపడుతుంది, రాళ్ళు కొట్టే మిల్లు చప్పుడు దూరం నుంచి వినపడుతుంది. జేబులోంచి డబ్బీ తీశాడు. దానికి చుట్టిన చేతిగుడ్డ విప్పి, ఎవరో ఇచ్చిన సీసాలో నీళ్ళతో తడిపి, మోకాళ్ళ మీద కూచుని లారీ ముందు నంబరు మీది మట్టి తుడిచాడు. మట్టి తేలిగ్గా రాలేదు, పొరలు పొరలుగా వచ్చింది, ఎన్ని ప్రయాణాల మట్టో, కింద నుంచి ఒక్కొక్క అక్షరం పురిటి బిడ్డలాగా తడిగా బయటపడింది. గుడ్డ పిండితే ఎర్రటి నీళ్ళు కారాయి. కార్డు కెమెరాలోకి తోశాడు, చిన్న తలుపు మూశాడు. తెరమీద అంకె వచ్చింది, ఇన్ని ఫోటోలకి చోటుంది అని, ఒక్కటి కూడా లేదన్నట్టు, ఎవరూ ఎప్పుడూ ఆ ఇంట్లో కాపురం లేనట్టు.

లారీ ముందుభాగం, నంబరు, పక్కన మనిషి, మూడూ ఒకే దాంట్లో రావాలని వెనక్కి జరిగాడు. నొక్కాడు. పోయింది బంతిపూలా, బియ్యమా. చక్రం, రోడ్డు మీది మరక, దూరానికి గుర్తుగా సుబ్బరామి నిలబెట్టిన రాయి. నొక్కాడు. వేళ్ళ సందులోంచి చూసిన కన్నా. లారీ వెనకవైపు నంబరు, అది కూడా తుడిచి. నొక్కాడు. ఒక్కొక్క చప్పుడుకీ లోపల ఒకరు లేచి మూట కట్టుకుని పోతున్నారు, ఎవరు పోతున్నారో చెప్పి పోవడం లేదు, వెనక్కి తిరిగి కూడా చూడడం లేదు. ముఖం కూడా తీయల్లంట గదప్పా, అని ఉరుకుందమ్మే పంచె తీసింది. ముఖం మీద దెబ్బ లేదు. ఎండలో ఎవరినో పిలవబోతున్నట్టుంది. చచ్చినోళ్ళ ముఖాలు వాళ్ళవి గావు అని ఎవరు చెప్పాలి ఈమెకి. నొక్కాడు.

చాలమ్మా, అన్నీ వచ్చినాయి, పోలీసులు అడిగితే నా పేరు చెప్పు, కుడతినిలో స్టూడియో, ఎవర్నడిగినా చూపిస్తారు అన్నాడు. చెప్తూనే బొటనవేలితో కెమెరా పక్కనున్న చిన్న తలుపు తెరిచాడు. ఇంకా పొద్దుంది. ఇప్పుడైనా తీసి గుడ్డలో చుట్టుకుంటే, నాలుగే కదా, మిగతావాళ్ళు లోపలే ఉండొచ్చు, ఇంద్రసేన ఎంతమందిని బయటికి తీయగలడో అంతమంది. డ్రైవర్లు లారీని నెట్టడానికి భుజాలు ఆనించారు. ఎవరో అరిచారు, నెట్టండి అని. నాగక్క బస్సు వైపు నడుస్తూ అతని కోసం వెనక్కి చూసింది.

"అప్పా," అంది ఉరుకుందమ్మ. "ఇంకొకటి తీస్తావా. నన్ను గూడా పక్కన పెట్టి." అతను ఎందుకని అడగలేదు, అయినా ఆమె చెప్పింది. "మేము జోడుగా ఎప్పుడూ దిగలేదు. జాతరలో దిగుదామంటే ఈయప్పే, మళ్ళీ చూద్దాం లే అనె."

ఆ ఫోటో ఎవరికీ అక్కర్లేదు. పోలీసులు అడగరు, ఏ కోర్టూ అడగదు, లారీ ఓనరు లాయరు అడగడు. అది లేకపోయినా ఏ న్యాయానికీ లోటు రాదు. తలుపు సందులోంచి కార్డు అంచు కనపడుతోంది, గోరు పెట్టి నొక్కితే బయటికొచ్చేస్తుంది. ఉరుకుందమ్మ అతని జవాబు కోసం చూడలేదు. సుత్తి పక్కన పెట్టింది. ముఖం మీద దుమ్ము అరచేతులతో తుడుచుకుంది, పోలేదు, చీరె కొంగు నోటిలో తడి చేసుకుని మళ్ళీ తుడుచుకుంది, ఆ కొంగుతోనే గాళెప్ప నుదురూ బుగ్గలూ తుడిచింది, మీసం సరిచేసింది, చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, అతనికి కాస్త ఎడంగా, చుట్టాల ముందు కూచున్నట్టు సిగ్గుగా కూచుని, కెమెరా యాడుందో అటు చూసింది.

సాలొమోను తలుపు మూశాడు. రోడ్డు మీద మోకాలు ఆనించి కంటికి కెమెరా ఎత్తుకున్నాడు. ఇద్దరి మధ్యా ఎర్రనేల చాలా కనపడుతోంది.

"కొంచెం దగ్గరికి జరుగమ్మా," అన్నాడు.

ఆమె జరిగింది.